పన్నెండు నిమిషాల సాక్షి

మార్చి రెండో శుక్రవారం, ఉదయం పదకొండూ నలభై. భవానీపూర్‌లో డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. కూర్చున్నచోటే మనసు ఎటో వెళ్లిపోవడం, గడిచిన సమయం గుర్తుండకపోవడం నా జబ్బు. చిన్నప్పుడు వాట్‌గంజ్‌లో మేనమామ నన్ను బొగ్గుల గదిలో పెట్టి తాళం వేసేవాడు. అప్పటినుంచీ ఉంది. మంగళవారాలు ఆ గది సంగతి డాక్టరమ్మకు ఒక్కదాన్నే చెబుతాను. శుక్రవారాలు నాలాంటి వాళ్లందరం కలిసి కూర్చుని, తిరిగి రావడం నేర్చుకుంటాం. పోయిన సమయాన్ని పుస్తకంలో రాస్తాను, ఎప్పటికైనా మేనమామకు వినిపించాలని.

తెలివి వచ్చేసరికి నా పుస్తకం పక్కనున్న ఆమె చేతిలో ఉంది.

"నా పుస్తకం నీకెందుకు?" అన్నాను.

"నువ్వు నేవు కదా మాసీ, నానున్నాను. టైము రాసీసినాను. తెలుగు రాయడం రాదు, అంకెలొచ్చు."

11.40 నుంచి 11.52. గోడ గడియారం చూశాను. తప్పు లేదు.

"ఇదంతా మా మావకి సదవాల," అన్నాను.

"ముసిలోడు సచ్చినాక సదువుతావేటి? బేగెల్లు!"

ఆమె పేరు అడగలేదు. మళ్లీ కనపడలేదు.

మర్నాడే వెళ్లి, ఆయన గదికి లోపల గడియ పెట్టాను. మంచం పట్టిన మేనమామ రెండో పేజీకే "చాలమ్మా, తలుపు తియ్యి" అన్నాడు. ఆ మాట నాకు తెలుసు, బొగ్గుల గదిలోంచి నేను అన్నదే. గడియ తీయకుండా చివరిదాకా చదివాను.

మొత్తం నాలుగు వందల పదమూడు గంటల పన్నెండు నిమిషాలు. పుస్తకం కొనకముందు పోయినవి ఇందులో కలపలేదు.