తల్లి దొరకని పిల్ల

ఏ చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో తెలుసుకోవడానికి చేపల పరిశోధన కేంద్రం తరఫున మేం తీరం దగ్గర సన్నకళ్ల వలలు లాగేవాళ్లం. చిక్కిన చేపపిల్లలు నూకగింజంత ఉండేవి. వాటిని మైక్రోస్కోపులో చూసి జాతి చెప్పే పని మా సీనియర్ అక్కది. కొత్తకోట దగ్గర గొర్లు కాసే ఇంటి ఆడపిల్ల. మంద ఇంటికి రాగానే ఏ తల్లి పిల్లను ఆ తల్లి దగ్గరే పాలకు విడవడం చిన్నప్పుడు ఆమె పని. అందుకేనేమో, వంగి చూసిన ప్రతిసారీ "గిది ఎవరి పిల్ల?" అని గొణిగేది. నేను కోస్తావాణ్ణి, ఆ యాసకు చాటుగా నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి ఒక పిల్ల జాతి ఎంతకీ తేలలేదు. రిపోర్టు ఆ సాయంత్రమే పంపాలి.

"ఏదో ఒక పేరు రాసెయ్ అక్కా, ఎవరు చూస్తారు?" అన్నాను విసుగ్గా.

అక్క తలెత్తింది. "తప్పు తల్లికాడ ఇడిస్తే పొడిచి తోస్తది తమ్మీ. పిల్ల పాలు లేక సస్తది."

రిపోర్టులో 'తెలియదు' అని రాసింది. ఆ పిల్లను పాడవకుండా ఉంచిన మందునీళ్ల సీసాకు 'తల్లి దొరకలె' అని చీటీ అంటించింది. ఉద్యోగం మారి జడ్చర్ల వెళ్లిపోతూ దాన్ని నాకప్పగించింది.

నిరుడు అలాంటివే కాస్త పెరిగినవి వలలో పడ్డాయి. సీసాలోదానితో పోల్చి చూస్తే జాతి తేలింది. వెంటనే ఫోన్ చేశాను. సీసాలో పిల్లకు తల్లి దొరికిందని అక్కకు చెప్పాను.

"అయితే ఇగ దాని పాలకు ఫికర్ లేదు" అంది.