మెర్సీ ఉత్తరం నేను చదివిన రోజు

ప్రియ సహోదరీ సహోదరులారా, అరవై ఏళ్ళు అక్షరం రాకుండా బతికిన నేను, ఆ సంగతి మీకెవరికీ తెలియనివ్వకుండా మన లీసెస్టర్ సంఘంలో మూడేళ్ళు కూర్చున్నాను. కూతురి పిల్లల్ని చూసుకోవడానికి గుంటూరు నుంచి ఈ ఇంగ్లండుకు వచ్చిన దగ్గర్నుంచీ, మీరు బైబిలు తెరిస్తే నేనూ తెరిచేదాన్ని, పక్కావిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని, లోపల మాత్రం ఎప్పుడు దొరికిపోతానో అని వణుకు.

మలావీ దేశంలో ఒక పల్లెటూరి బడి పిల్లలకు మన సంఘం మధ్యాహ్నం గంజి, పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టి ఒక్కొక్కరికీ ఒక్కో బిడ్డను అప్పగించినప్పుడు, నా వంతుకు తొమ్మిదేళ్ళ మెర్సీ వచ్చింది. ఆ పాప ఫోటో ఫ్రిజ్ మీద అంటించుకుని రోజూ పేరుపెట్టి ప్రార్థించేదాన్ని. ఇంగ్లీషులో వచ్చే పిల్లల ఉత్తరాలను, ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతూ వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తున్న సునీత పెద్దవాళ్ళ కోసం తెలుగులో రాసి ఇచ్చేది. ఎవరి బిడ్డ ఉత్తరం వాళ్ళే నిలబడి చదవడం మన ఆనవాయితీ. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో మెర్సీ ఉత్తరం నా చేతిలో పెట్టి నా పేరు పిలిచారు. కాగితం ఎదురుగా పట్టుకుని, "మెర్సీ క్షేమంగా ఉంది, బాగా చదువుకుంటోంది, అందరికీ వందనాలు చెప్పింది" అన్నాను. మీరు ఆమేన్ అన్నారు.

తర్వాతి ఆదివారం ఆరాధనకు ముందు టీ దగ్గర సునీత అడిగింది.

"ఆంటీ, పోయిన సండే కేర్ హోమ్‌లో షిఫ్ట్ పడి రాలేకపోయా. మెర్సీ వాళ్ళమ్మ కోసం అందరూ ప్రేయర్ చేశారా?"

"వాళ్ళమ్మకేమైంది?"

"అదేంటాంటీ, చదివింది మీరే కదా? హాస్పిటల్లో ఉందంట. పాప స్కూల్ మానేసి తమ్ముణ్ణి చూసుకుంటోందంట. మా కోసం ప్రార్థన చేయించండి అని రాసింది."

పసిబిడ్డ ప్రార్థన అడిగితే, నా పరువు కోసం దాని నోరు నేనే నొక్కేశాను. కప్పు అక్కడే పెట్టేసి, మీ అందరి ముందుకూ వచ్చి, నాకు చదువు రాదని, ఆ రోజు చెప్పింది అబద్ధమని ఒప్పుకుని మోకరించాను. "తండ్రీ, నన్ను సిగ్గుపరిచినా సరే, ఆ తల్లిని లేపు, ఆ బిడ్డ మొర ఆలకించు" అని ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు. పాస్టరమ్మగారు వచ్చి నా పక్కనే మోకరిస్తే, వెనక వరుసల దాకా అందరూ మోకరించారు.

ఆ వారం నుంచే, షిఫ్ట్ లేనప్పుడల్లా సునీత మా వంటగదిలో కూర్చుని నాకు అక్షరాలు దిద్దించింది. "ఒత్తులన్నీ మింగేస్తున్నారాంటీ, అంత ఆకలా?" అని ఆటపట్టిస్తూనే గుణింతాలు దాటించింది.

కొన్ని నెలలకు మెర్సీ నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. నాలుగే నాలుగు వాక్యాలు కూడబలుక్కుని చదవడానికి నాకు పది నిమిషాలు పట్టింది, మీరు కదలకుండా విన్నారు. "అమ్మ ఇంటికి వచ్చింది. మెల్లగా నడుస్తోంది. నేను మళ్ళీ బడికి వెళ్తున్నాను. మీరు ప్రార్థన చేశారని నాకు తెలుసు."

దేవునికే మహిమ. ఏదో ఒకటి దాచుకుని నాలా వణుకుతున్నవాళ్ళు మీలో ఉంటే, ఆయన దగ్గరికి రండి. నన్ను చిన్నచూపు చూడని ప్రభువు మిమ్మల్నీ చిన్నచూపు చూడడు. మెర్సీకి జవాబు నేనే తెలుగులో రాశాను, సునీత ఇంగ్లీషులోకి మార్చింది. ఈ సాక్ష్యం కూడా నా చేత్తో రాసిందే.