ఇద్దరు చిన్నరాములున్న రోజు

“బ్యాండు ఎందుకు ఇచ్చుకపోయింది, ఎవరికి వాళ్లం ఎందుకయినమని అందరు అడుగుతరు సారూ. ఇచ్చుకపోనీకి అది సక్కగ అతికింది ఎన్నడు? ముగ్గురం ఒక్కతాన కూడేదే మంగళారం. మంగళారం పవర్ హాలిడే. పొద్దంత కరెంటే ఉండది. మేము కొన్నదేంది? కరెంటుతోని నడిచే ఆంప్లిఫైరు!”

గడప పక్కన కూర్చున్న చిన్నరాములు తన మాటకు తనే ముందు నవ్వాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న త్రినాథరావు నవ్వుతూనే నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆయనది కోస్తా. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక ఈ చుట్టుపక్కల పాటలు కట్టేవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు దించుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఎవరూ నేర్పలేదు, ఓపిక ఉంది గనుక వచ్చింది.

ఈసారి మాత్రం పిలిపించింది చిన్నరాములే. ‘ఇస్నాపూర్ చిన్నరాములు’ పేరుతో అతని పాటలు ఇరవై కలిపి హైదరాబాదులో ఎవరో సీడీగా తెస్తున్నారు. అట్ట మీద వేసే వివరాలు రాసిపెట్టమన్నాడు. సోమవారం అట్ట అచ్చుకు పోవాలి. పందొమ్మిది పాటల వివరాలు నిండాయి. మొదటి పాటకు బాణీ ఎవరిదో రాయాల్సిన చోటికి వచ్చేసరికి, రెండుసార్లు అడిగినా చిన్నరాములు జవాబివ్వకుండా బ్యాండు కథలోకి దూకాడు.

త్రినాథరావు తొందరపెట్టలేదు. “బ్యాటరీ పెట్టుకోవచ్చు కదయ్యా?” అన్నాడు.

“పెట్టినం సారూ. లారీ బ్యాటరీ. మోసుకొచ్చేతందుకే ఇద్దరికి నడుములు వడ్డయి. ఒకటిన్నర పాటకు అది సచ్చిపోయింది. ఆ సగం పాట ఎవరిదంటే నాదే.”

అది ఎనభై తొమ్మిది. చిన్నరాములుకు పదిహేడేళ్లు. పద్దెనిమిదని రాయించి, పొడి రంగులు చేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు లేబరుగా చేరాడు. బ్యాండు పేరు సన్‌రైజ్ ఆర్కెస్ట్రా. సూర్యుడు లేచే వేళకు వాళ్లలో ఒకడు డ్యూటీలో ఉండేవాడు, ఇద్దరు నిద్రలో ఉండేవారు. గిటారు కామరాజుది. వాళ్ల నాన్న ప్లాంటు ఉద్యోగానికి భీమవరం వైపు నుంచి వచ్చి క్వార్టర్స్‌లో ఉండేవాడు. కామరాజుకు గిటారు మీద మూడు పట్లు వచ్చు. నాలుగోది అవసరమయ్యే పాటని వాళ్లు పాడేవారు కాదు. ఢోలక్ లింగానిది. పక్క వీధివాడు, చిన్నరాములు ఈడువాడు, పైపుల ఫ్యాక్టరీలో లేబరు.

“మరి నువ్వు?”

“నేను లీడ్ సింగర్ సారూ. నాకు ఏ వాయిద్యం రాదు గనక.”

లోపల బియ్యం చెరుగుతున్న తల్లి ఆగమ్మ అక్కడి నుంచే అందుకుంది. “పాట గూడ రాకుండె. గా ముచ్చట గూడ రాయి సారూ.”

నిజమే. మొదట్లో సినిమా పాటలే పాడేవాడు. పై శ్రుతికి పోయేసరికి గొంతు తెగేది, జనం తిరిగి చూసేవారు. తెగని పాట కావాలంటే తన గొంతుకు సరిపోయేది తనే రాసుకోవాలని అతనికి తట్టింది. అంత గొప్ప ఉద్దేశంతో పాటల రచయిత అయ్యానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. కూలి చీటీ వెనక రాసిన మొదటి పాట ఇది:

*పొద్దుగాల సైరనమ్మా, పేరువెట్టి పిలువకమ్మా*
*అవ్వ పిలిస్తె లేవనోన్ని, నీకు లేస్తనా సెప్పమ్మా*

“నేను సదివితె ఆఫీసరుకు పెట్టుకున్న అర్జీ లెక్క ఉండె,” అన్నాడు చిన్నరాములు. “నేనూ లింగం సైకిల్ మీద డ్యూటీకి పోతున్నం. వాడు తొక్కుతుండు, నేను ఎనకాల కూసొని సదువుతున్న. వాడు ‘ఆగు’ అన్నడు. ‘సైరనమ్మా...’ అని ఒక్క గుంజు గుంజిండు సారూ. గుంజి, అక్కడ్నే జెర ఇడిచి, మల్ల పట్టుకున్నడు. నా పాట నాకే కొత్తగ ఇనవడ్డది. సాయంత్రం అవ్వ ముంగట పాడినం. పొయ్యి కాడికెళ్లి లేసి వచ్చి నిలవడ్డది. కూర మాడింది.”

“మాడితె తిన్నరు గదా సప్పుడు సెయ్యక,” అంది ఆగమ్మ.

త్రినాథరావు పెన్ను ఆగింది. బాణీ ఎవరిదో ఆయనకు తెలిసిపోయింది. ఆయన తల ఎత్తలేదు, అడగలేదు. చిన్నరాములు అది గమనించి, గమనించనట్టే ముందుకు పోయాడు.

ఆ ఏడు బొంతపల్లి జాతరలో సన్‌రైజ్ ఆర్కెస్ట్రాకు మొదటి ప్రోగ్రాం దొరికింది. కామరాజుకు పాలిటెక్నిక్ పరీక్షలు వచ్చి గిటారు పోయింది. ఇద్దరే వెళ్లారు. ఆ రోజు కరెంటు ఉంది గాని ఆంప్లిఫైరుకు అది అలవాటు లేదు. రెండు నిమిషాలు కీచుమని పొగ వదిలింది. సైరనమ్మ పాట నోటితోనే ఎత్తుకున్నారు. జనం ఎవరూ కదల్లేదు. తన పాట కట్టిపడేసిందని చిన్నరాములు చాలా రోజులు అనుకున్నాడు. దారికి అడ్డంగా ఎడ్లబండి ఇరుసు విరిగి నిలబడిపోయిందని తర్వాత తెలిసింది.

అలా ఇరుక్కుపోయిన వాళ్లలో పటాన్‌చెరులో క్యాసెట్ల దుకాణం నడిపే కొమురయ్య ఉన్నాడు. పాట అయ్యాక వచ్చి, “శుక్రారం నా దుకాణానికి రా. నీ గొంతు ఒక్కటే. ఢోలక్ వద్దు. నాకున్నది ఒక్క మైకు, అండ్ల ఢోలక్ పడితె ఇగ ఏం ఇనవడది,” అన్నాడు.

శుక్రవారం చిన్నరాములుకు డ్యూటీ. అప్పటికే ఆ నెలలో రెండు నాగాలు పడ్డాయి; మూడోది పడితే కాంట్రాక్టరు టోకెన్ గుంజుకుని ఇంకొకరికి ఇస్తాడు. లింగం ఫ్యాక్టరీలో ఆ వారం షట్‌డౌన్. లింగమే ఉపాయం చెప్పాడు. పొడి సెక్షన్లో అందరూ మూతికి తువ్వాల కట్టుకుంటారు, కళ్లు తప్ప ఏమీ కనపడవు. గేటు దగ్గర చూసేది టోకెన్ నంబరు, మొహం కాదు. లేబరు అడ్డాల్లో అది మామూలే. బావకు జ్వరమొస్తే బామ్మర్ది పోయేవాడు.

“నీ టోకెన్ ఇటియ్యి. నువ్వు పోయి పాడు,” అన్నాడు లింగం.

“సూపర్వైజరు పేరు పిలుస్తడు రా.”

“పిలిస్తె నేనే చిన్నరాములు. నువ్వు నా అంత మంచిగ బస్తాలు మోస్తవా? ఇయ్యాల నీ పేరుకు ఇజ్జత్ వస్తది పో.”

కొమురయ్య దుకాణం వెనక గదిలో గోడలకు బొంతలు కట్టి ఉన్నాయి. రోడ్డు మీద బస్సు పోయినప్పుడల్లా ఆపాలి, మళ్లీ పాడాలి. పదకొండోసారికి కొమురయ్య విసిగి, హారను పడినదాన్నే ఉంచేశాడు. ఆ హారన్‌తో కలిపే పాట జనానికి తెలుసు. ఆఖరున కాగితం తీసి అడిగాడు. “పాట రాసింది?” “నేనే.” “బాణీ?”

ఇక్కడ చిన్నరాములు రెండు వేళ్లతో కాగితం కొలత చూపించాడు. “సారూ, ఆ చీటీ చిన్నగుండె. రెండు పేర్లకు జాగ లేకుండె...”

ఆగమ్మ చేటతోనే గడప దాకా వచ్చింది. “జాగ లేకుండెనట! ఆ క్యాసెట్ అట్ట మీద గులాబి పువ్వుకు జాగ ఉన్నది, లింగనికి లేకపాయె! పెద్దమనిషి వచ్చి కూసున్నడు, ఇయ్యాలన్న నిజం సెప్పు రా.”

చిన్నరాములు గోరుతో గడప గీరాడు.

“జాగ ఉండె సారూ. ‘నాదే’ అన్న. లింగం యాదికి రాలేదంటె అది గూడ అబద్ధమే. వచ్చిండు. వచ్చినంక గూడ అన్న.” తర్వాత మెల్లగా కలిపాడు. “అప్పుడు వాడు నా టోకెన్ జేబుల వెట్టుకొని బస్తాలు మోస్తుండు. ఆ దినం పటాన్‌చెరుల ఇద్దరు చిన్నరాములున్నరు. లింగం యాడ లేడు.”

నెల తర్వాత క్యాసెట్ వచ్చింది. లింగం దాన్ని అటూ ఇటూ తిప్పి, అక్షరాలన్నీ చదివి, “పువ్వు మంచిగుంది,” అని తిరిగి ఇచ్చాడు. కొట్లాడలేదు. మరుసటి మంగళవారం రాలేదు, ఆ పై మంగళవారమూ రాలేదు. పెళ్లయ్యాక అత్తగారి ఊరు కందిలో కూరగాయలు పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు.

చిన్నరాములు మాత్రం పైకొచ్చాడు. పైకి రావడమంటే ఏమిటో అతనే చెబుతాడు. యూనియన్ వాళ్లకు గేటు పాట రాశాడు, అదే వారం యాజమాన్యానికి సేఫ్టీ వారోత్సవాల పాట రాశాడు. సేఫ్టీ ఆఫీసరు ప్రతి లైనులో హెల్మెట్ ఉండాలన్నాడు, పెట్టాడు. ఇరవై నాలుగు లైన్లు, ఇరవై నాలుగు హెల్మెట్లు. ఎన్నికల్లో ముగ్గురు అభ్యర్థులకు పాటలు రాస్తే ముగ్గురూ ఓడిపోయారు. అయినా పిలిచేవాళ్లు తగ్గలేదు. తొంభై ఎనిమిదిలో టోకెన్ వాపసు ఇచ్చేసి, పాటలతోనే బతకడం మొదలుపెట్టాడు.

“మున్నూరు పాటలు రాసిన సారూ. బాణీలు నాలుగు. అండ్ల మూడు, వాడు గుంజిన ఆ గుంజునే అటు తిప్పి ఇటు తిప్పి పెట్టినయి. జనానికి తెలువదు. నాకు తెలుస్తది. కేబుల్ టీవీల ఒక పిల్ల ‘మీ గురువెవరండీ’ అనడిగింది. సైరన్ అని చెప్పి అందరిని నవ్విచ్చిన. ఆడ గూడ పేరు చెప్పేతందుకు జాగ ఉండె.”

“వెళ్లి ఒకసారి కలవలేకపోయావా?” అన్నాడు త్రినాథరావు.

“మూడుసార్లు పోయిన. కందిల బస్సు దిగిన, చాయ్ తాగిన, ఎదురు బస్సెక్కిన. కంది చాయ్ మంచిగుంటదని ఇంట్ల చెప్పిన.”

“ఆ చాయ్ కోసరం కొత్త అంగి ఏసుకొని పోయె,” అంది ఆగమ్మ. ఈసారి ఆమె గొంతులో వెక్కిరింత లేదు.

త్రినాథరావు పెన్ను మూత పెట్టాడు. బాణీ లింగం అని రాసేస్తే సరిపోతుంది కదా అన్నాడు.

“అడగక తీసేసుకున్న. అడగక ఇచ్చుడు గూడ దొంగతనమే అయితది సారూ,” అని చిన్నరాములు లేచి నిలబడ్డాడు. “మీరే పోవాలె. కందిల దిగి, లింగం బీరతోట యాడ అంటె ఎవరన్న చూపిస్తరు. అట్ట మీద పేరు వేస్తున్నం, ఇంటి పేరుతోని వెయ్యాల్నా, ఉత్త లింగమని వెయ్యాల్నా అనడుగుండ్రి. వద్దంటె సీడీలకెళ్లి ఆ పాటే తీసేద్దాం, పందొమ్మిదే ఉండనీ. నేను పంపిన్ననే చెప్పుండ్రి, దాసకుండ్రి. వాడు నన్ను తిడుతడు. పదిహేనేండ్లవి ఉంటయి, జల్దీ అయిపోవు. మీకు ఓపిక ఎక్వ గద సారూ, ఒక్కటి గూడ ఇడిచిపెట్టకుండ రాసుకొని రాండ్రి.”