స్పెయిన్ కొండల్లో మా అమ్మ పొత్రం

పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి కదా, ఏం కావాలని మా ఆవిడను అడిగాను. బంగారం అంటుందని భయపడుతూనే అడిగాను. ఆవిడ స్పెయిన్ అంది. అక్కడ కొండల మీదుగా ఓ పెద్ద చర్చి దాకా, వందల ఏళ్ళుగా క్రైస్తవులు నడుస్తున్న యాత్ర దారి ఉందట. వారాల తరబడి నడవాలట. బంగారం ఎంత తేలికైన లోహమో నాకప్పుడు తెలిసింది.

మాది నరసాపురం. నాలుగు తరాలుగా లూథరన్లం. మాకు మొక్కులు లేవు, యాత్రలు లేవు. రెండు వీధుల అవతలున్న చర్చికి కూడా బండి మీదే వెళ్తాం. సంగతి విన్న పాస్టరుగారు ప్రపంచ చరిత్రంతా ఓసారి నెమరేసుకున్నంత సేపు ఆలోచించి, "నడవడం పాపమేమీ కాదులెండి" అన్నారు.

పాపం కాకపోవచ్చు, సాధ్యం కావాలి కదా. మా డెల్టాలో ఎత్తు అనేదే లేదు. కింద పడిన కొబ్బరికాయ ఎటు దొర్లాలో తెలియక అక్కడే ఉండిపోయే నేల. కొండెక్కడం నేర్చుకోవడానికి మాకు దొరికిన ఒకే ఒక్క పర్వతం రైల్వేస్టేషన్‌లోని ఫుట్‌బ్రిడ్జి. రోజూ పొద్దున్నే వీపున సంచులతో దాన్ని ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ఆయన, "రోజూ ఎలా తప్పిపోతోందండీ మీ రైలు?" అని జాలిపడేవాడు.

అసలు తంటా రాయితో వచ్చింది. ఆ దారిలో ఓ కొండమీద పొడవాటి స్తంభం, దాని చివర ఇనుప శిలువ ఉంటాయి. నడిచేవాళ్ళు ఎవరి ఇంటి దగ్గర్నుంచి వాళ్ళు ఓ రాయి తెచ్చి దాని కింద పెడతారు. రాయితోపాటు మనసులో బరువు కూడా దించుకున్నట్టు. మాది ఒండ్రు నేల. తవ్వితే నీళ్ళొస్తాయి గానీ రాయి రాదు. పట్టాల పక్కన కంకర ఏరుకొస్తానన్నాను.

"రైల్వేవాళ్ళ బరువు నేనెందుకు దించాలండీ?" అంది మా ఆవిడ.

అని, పెరట్లోకి వెళ్ళి మా అమ్మ పొత్రం తెచ్చి నా ముందు పెట్టింది.

సన్నికల్లు మీద పచ్చడి నూరే పొడవాటి గుండ్రాయి అది. చూస్తే చిన్న ఆనపకాయంత, ఎత్తితే ఏనుగుపిల్లంత. మా అమ్మకు మిక్సీ పచ్చడి గొంతు దిగేది కాదు. "మందులా ఉందే అమ్మాయ్" అని కంచం పక్కకు జరిపేది. అందుకని మా ఆవిడ రోజూ స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళేముందు ఆ రాతితో కుస్తీ పట్టి వెళ్ళేది. అమ్మ పోయాక కూడా మిక్సీ ముట్టుకోలేకపోయింది. స్విచ్చి మీద చెయ్యి వేస్తే పెరట్లోంచి ఆ మాటే వినపడుతుందట. పొత్రాన్ని కాలవలో వేద్దామంటే అత్తగారి వస్తువాయె. పక్కింటికిద్దామంటే గోడ అవతల చప్పుడు రోజూ వినాలి.

"అంత దూరంలో, అంత మంచిచోట పెట్టి వస్తే నా మనసు కుదుటపడుతుందండీ," అంది. నవ్వకుండా అంది. అందుకని నోరు మూసుకున్నాను. మళ్ళీ ఆ కొండ చేరేదాకా మూసింది లేదు.

హైదరాబాద్ విమానాశ్రయంలో తనిఖీ ఉద్యోగి దాన్ని బాంబును పట్టుకున్నట్టు పట్టుకుని, వాసన చూసి, "గోంగూరా అండీ?" అని అడిగి పంపేశాడు. ఆయన గట్టిగా పట్టుబట్టి ఉంటే నా వీపు బతికిపోయేది.

స్పెయిన్‌లో రెండోరోజే మా ఆవిడ మోకాలు పట్టుకుని, "కాస్త ఇది మొయ్యండి" అంది. ఆ 'కాస్త' కొండ తర్వాత కొండగా సాగింది. వాన పడితే రాయి తడిసి బరువెక్కుతోందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. దారిలో ప్రతి మలుపుకూ ఓ శిలువ కనిపించేది.

"ఇదీ శిలువే కదా. ఇక్కడ పెట్టేద్దాం."

"మీ అమ్మగారిని రోడ్డు పక్కన పెడతారా?"

ఓ పెద్దాయన నా సంచిలో ఏముందని అడిగితే, మా ఆవిడ తన క్లాసురూమ్ ఇంగ్లీషులో "మా అత్తగారు" అని మొదలుపెట్టింది. ఆయన వెంటనే టోపీ తీసి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. సంచిలో అస్థికలున్నాయనుకున్నాడు మహానుభావుడు. మర్నాటికల్లా ఆ దారిలోని సత్రాలన్నిటికీ కబురు పాకింది. ఎక్కడికి వెళ్ళినా నాకు పరామర్శలు, మా ఆవిడకు రైలు బెర్తుల్లాంటి ఆ రెండంతస్తుల మంచాల్లో కింది మంచం. నిజం చెప్పేద్దామంటే, "పైమంచం మీరెక్కించి దించుతారా నన్ను?" అంది.

చివరికి ఆ ఇనుప శిలువ వచ్చింది. కింద రాళ్ళగుట్ట. లోకంలోని జనాల దిగుళ్ళన్నీ అక్కడే పోసినట్టు ఉంది. మా ఆవిడ మోకాళ్ళ మీద చేతులేసుకుని పైకెక్కి, పొత్రం పెట్టి, కళ్ళు మూసుకుంది. గుండ్రటి రాయి కదా, దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. అందించాను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ దొర్లింది.

"అత్తయ్యగారు పట్టు విడవరు," అంది. ఈసారి చుట్టూ చిన్నరాళ్ళు ఏరి, నిద్రలో దొర్లే పిల్లకు అటూ ఇటూ తలగడలు పెట్టినట్టు అడ్డుపెట్టింది. చున్నీ కొసతో రాయిని తుడిచింది.

"ఇంక పడుకోండి అత్తయ్యగారూ. నూరింది చాలు."

దిగి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. సంచి తేలికైపోయి నాకు నడక కుదరలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు వంటింట్లో మిక్సీ మోగింది. కొబ్బరి పచ్చడి. కంచంలో వేసి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఎలా ఉందండీ?"

మందులా ఉంది. అమ్మ అన్నేళ్ళూ ఒక్క అక్షరం అబద్ధం చెప్పలేదు.

"ఇంకాస్త వెయ్యి," అన్నాను.