ఐసు ఫ్యాక్టరీలో నాగజెముడు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలియని విషయాలు కూడా లోకంలో ఉంటాయన్న సంగతి నాకు తెలియదు. అప్పుడు కైకలూరులో ఓ ఐసు ఫ్యాక్టరీలో గుమస్తాని. (చేపల చెరువుల ఊళ్లో ఐసు లేకపోతే పూట గడవదు, అందుకే మా ఓనరు ఐసుబాబుగారికి అంత మర్యాద.) ఫోనులో చూసి ముచ్చటపడి ఓ బుల్లి నాగజెముడు తెప్పించాను. బొటనవేలంత ముక్కలు ఒకదానికొకటి అతికించినట్టు ఉండేది. మంచు కురిసే దేశాల్లో కూడా బతుకుతుందట. మా ఊరి ఉక్కకి అదెక్కడ దిగులు పెట్టుకుంటుందోనని, రోజూ కాసేపు ఐసు దిమ్మలు పేర్చే చల్లగదిలో ఉంచేవాణ్ని.

కొన్నాళ్లకి అది ముడతలు పడి కుండీ అంచుమీద వాలిపోయింది. చలికి గడ్డకట్టకుండా ఒంట్లో నీరు తగ్గించుకుని అలా పడుకోవడం దాని అలవాటని నాకేం తెలుసు? చచ్చిపోయిందనుకుని, కుండీ పట్టుకుని ఆఫీసులోకి పరిగెత్తాను. ఆ జాతికి ఇంకో సుగుణం ఉంది. కాస్త తగిలితే చాలు, ముక్క ఊడి తగిలినవాడితో వెళ్లిపోతుంది. ఒకటి నా చొక్కాకి అంటుకుంది. ఇంకొకటి ఐసుబాబుగారి కుర్చీలో పడింది. నేను చూడలేదు. ఆయనా చూడలేదు.

సరిగ్గా అప్పుడే మండవల్లి రొయ్యల షావుకారు వచ్చి, "రేటు తగ్గించకపోతే ఇంకోచోట చూసుకుంటామండీ" అన్నాడు. ఆయన పోతే మా ఫ్యాక్టరీ సగం మూతపడినట్టే. "కూర్చోండి, మాట్లాడుకుందాం" అంటూ ఐసుబాబుగారు నిదానంగా కూర్చున్నారు. లేవడం మాత్రం నిదానంగా లేవలేదు. "ఓరి నాయనోయ్!" అన్న ఆ కేకకి వీధిలో కుక్కలు మొరిగాయి. షావుకారు బిక్కచచ్చిపోయి, "అంత కోపమైతే ఎలాగండీ బాబూ! పాత రేటే కానివ్వండి" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

నా చొక్కాకి వేలాడుతున్న ముక్కని చూసి ఐసుబాబుగారికి సంగతంతా అర్థమైంది. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"నీ సంగతి తరవాత చెప్తాను. ముందు తలుపేసి, పట్టకారు తేవయ్యా" అన్నారు, బల్లమీద బోర్లా పడుకుంటూ. పెద్ద ముళ్లు తేలిగ్గానే వచ్చాయి. నూగులాంటి సన్నముళ్లే ససేమిరా అన్నాయి.

"ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"డిగ్రీ చదివావు కదయ్యా, కాస్త మర్యాదగా పీకు!"

ఉద్యోగం పోలేదు. మేడమీద ఎండలో వదిలేస్తే మొక్క కూడా నీరు పట్టి నిగనిగలాడింది. ఊడిన ముక్కని ఐసుబాబుగారే ఇసకలో గుచ్చి వేళ్లు పట్టించి, బేరగాళ్లొచ్చే వేళకి బల్లమీద పెట్టుకునేవారు.

ఇప్పుడు ఏలూరులో ఉంటున్నాను. బాల్కనీ నిండా మొక్కలే, అన్నీ క్షేమంగా ఉన్నాయి. వాటి దగ్గరికి మా ఆవిడ నన్ను రానివ్వదు మరి. నేనూ బుద్ధిగా గుమ్మంలోనే నిలబడి కాఫీ తాగుతాను. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు మాత్రం గబగబా వెళ్లి, ఏదైనా దిగులుగా ఉందేమోనని ఒక్కొక్కదాన్నీ పలకరించి వస్తాను.