పట్టపగలు దీపం పెట్టిన బ్యాంకు

మొన్న భోజనాల దగ్గర మా అల్లుడు పెరుగన్నం కలుపుకుంటూ ఒకటే సణుగుడు. అతనిది బ్యాంకు ఉద్యోగం. జనం దాచుకున్న సొమ్ములో ఇంత భాగం సర్కారు బాండ్లలో పెట్టి తీరాలని రూలట. అదే సొమ్ము వ్యాపారస్తులకి అప్పిస్తే బోలెడు వడ్డీ వచ్చేదట. బాండ్లలో పెట్టడమంటే డబ్బుని జోకొట్టి పడుకోబెట్టడమేనట. నాకు నవ్వాగలేదు. చేతిలో గరిటెతో అలా నవ్వుతుంటే పాపం నొచ్చుకున్నాడు. సరిగ్గా ఈ మాటే, ఈ విసుగుతోనే, ఎన్నో ఏళ్ల కిందట బరంపురంలో మా మావగారి మొహం మీద ఒక పెద్దమనిషి అనగా విన్నాను. తరవాత ఆ పెద్దమనిషికి ఏం జరిగిందో చెప్తే అల్లుడికి అన్నం సయించదని ఊరుకున్నాను. మీకు చెప్తాను.

అప్పటికి గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. నేను గోదావరి ఒడ్డు నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. బ్యాంకు కోడలినని మా పుట్టింట్లో గొప్పలు చెప్పుకున్నారు గానీ, ఆ బ్యాంకంటే మా ఇంటి వీధిగదే. ఒక బోర్డు, ఒక ఇనప్పెట్టె, ఇద్దరు గుమాస్తాలు, మావగారు కూర్చునే పరుపూ, ఆనుకునే బాలీసూ. అటు పట్టునేత వాళ్లూ, ఇటు సముద్రం ఒడ్డున ఉన్న మార్కండి నుంచి చేపలమ్ముకోవడానికి వచ్చే ఆడవాళ్లూ అందులో సొమ్ము దాచుకునేవారు. చేపల గంపలో ప్రయాణం చేసి వచ్చిన నోట్లు పెట్టె తెరవగానే తమ ఊరేదో తామే చెప్పేవి. మా అత్తగారు మడి మనిషి. ప్రతి శుక్రవారం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ ఇనప్పెట్టెకి సాంబ్రాణి ధూపం వేసేది. దేవుడి మందిరానికి కూడా అంత పొగ వేసేది కాదు.

మావగారు ఆ బ్యాంకుకి సెక్రటరీ. సన్నగా, ఎప్పుడూ ఏదో లెక్క గొణుక్కుంటున్నట్టు ఉండేవారు. వచ్చిన సొమ్ములో కొంత చేతిలో ఉంచి, కొంత అప్పులిచ్చి, మిగిలినదానితో సర్కారు కాగితాలు కొనేవారు. సర్కారుకి మనం అప్పిచ్చినట్టు రాసిచ్చే పత్రాలవి. వడ్డీ తక్కువ గానీ ఎగ్గొట్టడం ఉండదు. బ్యాంకు డైరెక్టర్లలో ధాన్యం మిల్లు ఉన్న ఒక షావుకారుండేవాడు. ఆయనకి ఈ కాగితాలంటే ఒళ్లు మంట. "ఏటండీ ఈ కాయితాలు! బీరువాలో తొంగోబెట్టి జోల పాడతారేటి? నా మిల్లుకిస్తే రెట్టింపు వడ్డీ పారేస్తానంటే వినరు గదా!" అని ప్రతి మీటింగులోనూ గొంతు చించుకునేవాడు. మావగారు నవ్వేసి, కాఫీ తెమ్మని లోపలికి కేక వేసేవారు. ఒకసారి కాఫీ ఇచ్చి ఉండబట్టలేక నేనే అడిగాను, ఆయన చెప్పినదాంట్లో తప్పేముందని. మావగారికి కోపం రాలేదు. "ఏటంటే అమ్మా, ఇంట్లో తిండిగింజలు మూడు చోట్ల ఉండాల. కుండలో కొన్ని, గాదెలో కొన్ని, చేలో కొన్ని. చేలో ఉన్నవే పెరుగుతాయి, నిజమే. మరి మిట్టమధ్యాహ్నం చుట్టాలు దిగితే చేను కోసి వండుతావేటి? కుండ ఖాళీ అయినప్పుడు గాదె ఉండాల. ఈ కాయితాలే మన గాదె" అన్నారు. బ్యాంకు లెక్కల గురించి నేను నేర్చుకున్న చదువంతా అదే. ఇవాళ్టికీ అంతకు మించి అక్కర్లేదనిపిస్తుంది.

ఆ ఏడు మా ఆయన మద్రాసులో లా పరీక్ష రాస్తున్నారు. కొడుకు పాసవ్వాలని అత్తగారు అఖండదీపం మొక్కుకుంది. పరీక్షలయ్యేదాకా కొండెక్కకూడదు. ఇంతలో ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, దగ్గరపడిందని ఇంటికి సున్నాలు మొదలెట్టారు. దేవుడి గదిలో సున్నం చిమ్ముతుంటే దీపాన్ని ఎక్కడ పెట్టాలి? వంటింట్లో పొగ, వసారాలో గాలి. మావగారు ఏదో దావా పని మీద పొద్దున్నే ఛత్రపూర్ కోర్టుకి వెళ్లారు. గుమాస్తాలు భోజనాలకి వెళ్లారు. వీధిగది ఖాళీ. అత్తగారు మావగారి పరుపు చుట్టి గోడకి చేర్చి, ఆ చోట పీట వేసి, దాని మీద దీపం పెట్టి, ఒత్తి ఎగదోసి, చల్లగాలికని వీధి తలుపులు బార్లా తీసి పెట్టింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

అప్పుడే ఎదురు వీధిలో ఉండే మార్వాడీ బట్టల వ్యాపారి అటు వెళ్తూ లోపలికి చూశాడు. వాళ్ల దేశంలో వ్యాపారి దివాలా తీస్తే నోటితో చెప్పడట. గద్దె మీది పరుపు ఎత్తేసి, పట్టపగలు అక్కడ దీపం వెలిగించి తను తప్పుకుంటాడట. చూసినవాళ్లు అర్థం చేసుకోవాలి. ఆయన అర్థం చేసుకున్నాడు! సాయంత్రానికి పట్టుసాలీల వీధిలో "బ్యాంకు దేవాళియా హెలా" అని ఒడియాలో అనుకున్నారు. చీకటి పడకముందే ఆ మాట రైలెక్కి ఛత్రపూర్ వెళ్లింది. అదే స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ మావగారికి, తన బ్యాంకు దివాలా తీసిందన్న కబురు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు జాలిగా చెప్పాడు.

ఆయన ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. దీపం ఆర్పితే కొడుకు తప్పుతాడు, ఉంచితే మొగుడి పరువు పోతుంది. మావగారు చెప్పులు విడిచి, దీపంలో నూనె చూసి, "దీన్నిక్కడే ఉండనీ. ఇప్పుడు లోపలెడితే నిజవే, దాసీసినారంటారు" అన్నారు. ఆ మాట నవ్వుతూనే అన్నారు గానీ, అన్నానికి కూడా లేవకుండా లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. చేతిలో ఉన్న రొక్కం అందరికీ సరిపోదు. ఇచ్చిన అప్పులు ఒక్కరోజులో తిరిగి రావు. ఒక్కడికి లేదన్నా బ్యాంకు పోయినట్టే, ఆయన మాటా పోయినట్టే. నాకు చాలా భయమేసింది.

తెల్లారేసరికి వీధి నిండా జనం. అందరికన్నా ముందు ఎవరో చెప్పుకోండి. మిల్లు షావుకారే! తన సొమ్మంతా వెంటనే కావాలన్నాడు. మావగారు ఆయనకి కుర్చీ వేయించి, బీరువాలోంచి సర్కారు కాగితాల కట్ట తీసి ముందు పెట్టారు. వీటిని తాకట్టు పెడితే ఊళ్లోని పెద్ద బ్యాంకు దొర గంటలో రొక్కం ఇస్తాడు. కాకపోతే కాగితాల వెనక సెక్రటరీ సంతకంతో పాటు ఒక డైరెక్టరు సంతకం ఉండాలి. ఊళ్లో ఉన్న డైరెక్టరు ఈ షావుకారొక్కడే. "తమరి సొమ్ము వీటిల్లోనే తొంగుంది. సంతకం ఎట్టి లేపండి" అన్నారు మావగారు. గుమాస్తాలు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. షావుకారు చెమటలు తుడుచుకుంటూ ఒక్కో కాగితం మీదా సంతకం పెట్టాడు. రొక్కం జట్కాలో వచ్చింది. అందరూ చూస్తుండగా గుమ్మంలోనే దింపించారు.

అది చూశాక సగం మంది అరుగు మీద నుంచే ఇళ్లకి మళ్లారు. మిగిలినవాళ్లకి సాయంత్రం దాకా ఇస్తూనే ఉన్నారు. చివరికి మార్కండి నుంచి పరుగున వచ్చిన ఒక చేపలామె మిగిలింది. కొత్త పడవ కోసం దాచుకున్న సొమ్ము ఆమెది. కళ్లారా చూశాక ఉంచేస్తుందనుకున్నాను. ఉంచలేదు. పూర్తిగా మూట కట్టుకుంది. మావగారు లేచి కండువా వేసుకున్నారు. "ఇంత సొమ్ముతో ఒక్కదానివే ఎల్తావేటి అప్పా, పద" అని, అక్కని పిలిచినట్టు పిలిచి, స్టేషన్ దాకా వెళ్లి, రైలెక్కించి వచ్చారు. వెళ్లిపోతున్న సొమ్ముకి కూడా కాపలా కాసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అంత అపురూపంగా కాపాడిన దీపానికి ఫలితం కూడా చెప్పాలి కదా. మా ఆయన ఆ ఏడు తప్పారు. అత్తగారు మాత్రం దీపం నిష్ఠగానే వెలిగిందనీ, పేపర్లు దిద్దినవాడి చూపే ఆనలేదనీ చివరిదాకా వాదించింది.

మర్నాడు పొద్దున్న బ్యాంకు తలుపులు తీసేసరికి అరుగు మీద ఆ చేపలామె కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. మూట మావగారి ముందు ధబ్బున పడేసింది. "ఇదిగో బాబూ, నీ కాడే ఎట్టు. రేతిరంతా దీన్ని తలకింద ఎట్టుకుని కన్ను మూత్తే ఒట్టు. పిల్లి కదిలినా లెగిసి కూకున్నాను. నా ఒక్కదాని సొమ్ముకే ఇంత బయవైతే, ఇంతమంది సొమ్మూ ఎట్టుకుని నువ్వెలాగ తొంగుంటన్నావు బాబూ?" అంది. అంతకాలం ఆ గదిలో వడ్డీ అడిగినవాళ్లున్నారు, అసలు అడిగినవాళ్లున్నారు. ఆ మాట అడిగినవాళ్లు మాత్రం లేరు. మావగారు మూట అందుకుని ఒళ్లో పెట్టుకున్నారు. "నానూ తొంగోలేదు అప్పా" అన్నారు, ఆమె మాటలోనే. ఇద్దరూ ఒకరి ఎర్రకళ్లు ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

కాలం నా దగ్గర దాచిన వాటిలో చాలావాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుపోయింది, మనుషుల్ని, ఇంటిని, చివరికి పళ్లని కూడా. ఆ పొద్దుటి నవ్వు మాత్రం ఇంకా అడగలేదు.