పేరు పెట్టి పిలిచిన రోజు

మలయాలో కమ్యూనిస్టుల తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్‌వాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. సుంగై పెటాని వెళ్లే రైల్లో ఒక ఐరిష్ కవిత చదువుకుంటున్నాను. ఎదురుగా రబ్బరు తోటలో పనిచేసే తెలుగు దంపతులు కూర్చున్నారు.

"ఏటి బాబూ, అంత దిగులుగా సదువుతున్నారు?" అంది ఆమె.

దూరమైన ప్రియురాలిని పేరు పెట్టి పిలుస్తూ ఒకడు వానలో తిరుగుతున్నాడని చెప్పాను. ఆ కవితంటే నాకు ప్రాణం.

"పోయినాక పిలిస్తే ఏటి లాభం?" అనేసింది. "మాలో మొగుడు పెళ్లాం పేరు పలకడు. ఒకనాడు కర్ఫ్యూ వేళైనా నేను తోటనుంచి రానేదు. సోల్జర్లు కాల్చేస్తారని బయపడి, ఈయన సెట్ల మధ్య నా పేరెట్టి అరుసుకుంటూ వచ్చినాడు."

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆమె గొంతు తగ్గించింది. "నేను రెండు సెట్ల అవతలే ఉన్నాను. ఇంకోపాలి పిలుస్తాడని పలకనేదు."